బేగం బండికి అందని గుండు

ఇలా దగ్గరికి జరగండి. ఆ బెంచీ మీదివాళ్ళు కాళ్ళు ముడుచుకుంటే ఇంకో నలుగురికి చోటవుతుంది. వెనకాల గుసగుసలు చాలించండి, ఫోన్‌లో ఆ పాట కూడా ఆపండి. ఈ కథంతా నిమిషాల మీద నడుస్తుంది. ఒక్క నిమిషం అటు తిరిగారంటే దొంగ మీ పక్కనుంచే నడిచిపోతాడు, తర్వాత నన్ను అడిగి లాభం లేదు.

శుక్రవారం మధ్యాహ్నం రెండూ నలభై. అలియాబాద్ దాటాక రోడ్డుకు లోపలగా ఉన్న పాత రైళ్ళ మ్యూజియంలో పోలీసు జీపు ఆగి ఉంది. వెనక సీట్లో బేడీలతో కూర్చున్నవాడు ఏజాజ్, అక్కడి పొగబండి డ్రైవరు. నాలుగింటికి క్లూస్ టీమ్ వచ్చి అతని ఇంజన్‌లోని బొగ్గు పారను తీసుకుపోతుంది, ఆ వెనకే అతన్ని కూడా తీసుకుపోతామని ఎస్సై మల్లేష్ చెప్పేశాడు. కేసు హత్యాయత్నం.

దెబ్బ తగిలింది ఆ మ్యూజియం యజమాని శేషారత్నం గారికి. డెబ్బై ఏళ్ళ మనిషి. తుక్కు కింద పోవలసిన ఇంజన్లను, పెట్టెలను తెచ్చి, తుడిచి, రెండు కిలోమీటర్ల చుట్టు లైను వేయించి, శని ఆదివారాల్లో జనాన్ని ఎక్కించి తిప్పుతుంది. ఒక్కటే స్టేషను. బండి అక్కడ బయలుదేరి, చుట్టు తిరిగి, అక్కడికే వస్తుంది. ఇంజన్ పలక మీద ఉన్నది నంబరు మాత్రమే. కానీ తెల్లవారి బొగ్గేస్తే తొమ్మిదింటికి గాని లేవదు కాబట్టి పనివాళ్ళంతా దాన్ని బేగం అంటారు. ఒకసారి ఆమెకు కోపమొచ్చి వదిలిన పొగకు శామీర్‌పేట చెరువు కొంగలన్నీ నల్లబడితే, ఊరివాళ్ళు కాకులనుకుని అన్నం పెట్టారట. నేను చూడలేదు, అన్నం పెట్టినవాళ్ళు చెప్పారు.

ఆ రోజు చూడవచ్చినవాళ్ళెవరూ లేరు. బాయిలర్ కడిగాక ఒక చుట్టు తిప్పి చూద్దామని బండి తీశారంతే.

ఒంటిగంటకు క్యాంటీన్ మనిషి సాలేహా, అంటే ఏజాజ్ భార్య, మేడం గారికి అన్నం తీసుకుని సెలూన్ పెట్టె ఎక్కింది. సెలూన్ అంటే వెనకటి పెద్ద అధికార్లు తిరిగిన పెట్టె, మేడం ఆఫీసు అందులోనే. ఆమె నేలమీద పడి ఉంది, తల వెనక రక్తం. అంబులెన్స్‌లోకి ఎత్తుతుంటే ఒక్కసారి కళ్ళు తెరిచి ఒకే మాట రెండుసార్లు అంది. "గుండు… గుండు." మళ్ళీ తెలివి తప్పింది.

ఎస్సై అడిగితే సాలేహా విన్నది విన్నట్టు చెప్పింది. ఆయన అటు తిరిగి ఏజాజ్ తల వంక చూశాడు. ఏజాజ్ మక్కాకు ఉమ్రా యాత్ర పోయి వచ్చి మూడు వారాలే అయింది. అక్కడ నున్నగా గీయించుకున్న తల మీద వెంట్రుకలు ఇప్పుడిప్పుడే మొలుస్తున్నాయి.

అప్పుడు సాలేహా ఫోన్ చేసింది వజ్రమ్మకు. వజ్రమ్మ మేడ్చల్ దగ్గర ఇరవై రెండేళ్ళు రైల్వే గేటు వేసింది, తీసింది. కింద నుంచి రోడ్డు వేశాక ఆ గేటు పోయింది, ఆమె డిటెక్టివ్ అయింది. పట్టా మీద చెవి పెట్టి, వచ్చేది గూడ్సా ప్యాసింజరా, గూడ్సయితే ఉల్లిగడ్డా సిమెంటా అని చెప్పేది. ఉల్లిగడ్డయితే కళ్ళల్లో నీళ్ళు వచ్చేవట.

వజ్రమ్మ రాగానే సాలేహా ఆమె చెయ్యి పట్టుకుని మెల్లగా అంది. "మేడం ఏమన్నదో అదే చెప్పిన అక్కా. అబద్ధం చెప్పలే. నా నోటితోటి నేనే నా మనిషికి బేడీలు ఏయించిన."

వజ్రమ్మ ఎన్ని గంటలయిందని అడిగి, తిన్నగా ఎస్సై దగ్గరికి నడిచింది.

మల్లేష్‌కు ఆమె పాత పరిచయమే. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆయన జీపును ఆమె పదకొండు నిమిషాలు గేటు దగ్గర ఆపింది. ఆయన మరిచిపోలేదు. కేసు మాత్రం దాచకుండా చెప్పాడు. బేగంను ఏదో కొండ మీది రిసార్టుకు ఇచ్చేస్తానని మేడం అంటే ఏజాజ్ గురువారం అందరిముందూ అరిచాడు. పార మీద రక్తం ఉంది. మేడం పన్నెండూ ముప్పై ఏడు దాకా నిజామాబాద్‌లోని చెల్లెలితో ఫోన్‌లో మాట్లాడింది. స్టేషన్ పుస్తకం ప్రకారం బండి పన్నెండూ నలభైకి కదిలింది. మధ్యలో మూడు నిమిషాలు. ఇంజన్ దిగి, కొట్టి, తిరిగి ఎక్కడానికి చాలు. అన్నిటికీ మించి మేడం నోటిమాట ఉంది.

నాలుగింటి దాకా తిరిగి చూసుకుంటానని వజ్రమ్మ అడిగింది.

"తిరుగు వజ్రమ్మా. గిప్పుడు గేటు నాది. నాలుగింటికి ఎత్తుత, నువ్వు పక్కకు జరగాలె."

"జరుగుత సారు. బండొచ్చేది ఎటుదిక్కుకెల్లో చూసి జరుగుత."

ఆమె మొదట జీపు కిటికీ దగ్గర ఏజాజ్‌ను అడిగింది. పన్నెండున్నరకు బేగంను ప్లాట్‌ఫారానికి తెచ్చాడు. ఇంజన్ దిగలేదు. ఫైర్‌మన్ సెలవు, అందుకని సాక్షి లేడు. పార మీది రక్తం తనదే, పొద్దున బొటనవేలు కోసుకుంది. వేలు చూపించాడు. పన్నెండూ నలభైకి బయలుదేరాలి గాని గోలా రాలేదు.

గోలా అంటే ఇనుప బంతి, జామకాయంత. తోలు సంచిలో పెట్టి, ఆ సంచిని బెత్తపు చక్రానికి కట్టి ఇస్తారు. ఒకే పట్టా ఉన్నచోట వెనకటి రోజుల్లో అదే అనుమతి. స్టేషన్ మాస్టరు మెషీన్‌లోంచి ఒక్క బంతిని తీసి డ్రైవరుకు ఇస్తే ఆ లైను మీద ఆ బండి తప్ప ఇంకోటి ఉండదని అర్థం. ఇక్కడ ఉన్నది ఒక్క బండే అయినా మేడం ఆ పద్ధతి వదలలేదు. బంతి చేతికి రాకుండా ఇంజన్ అంగుళం కదిపితే ఊరుకోదు.

ఏజాజ్ మూడుసార్లు కూత వేశాడు. చివరికి మాస్టరు వచ్చి ఇచ్చేసరికి పన్నెండూ నలభై తొమ్మిది. ఒకటిన్నరకు శుక్రవారపు జుమ్మా నమాజ్‌కు అందుకోవాలని గడియారం చూస్తూనే ఉన్నాడు కాబట్టి టైము గట్టిగా గుర్తుంది.

"ఇంకేమన్న యాదికున్నదా?"

"సంచి సల్లగ తాకింది అక్కా. పొయ్యికాడ కాలిన చెయ్యి గద, హాయిగనిపించింది. గంతే."

"సారుకు చెప్పినవా?"

"టైమ్ చెప్పిన. బుక్‌ల నలభై ఉన్నదన్నడు. బుక్ ముంగట నా మాట ఏం నిలవడ్తది."

స్టేషన్ మాస్టరు శాంసన్ నలభై ఐదేళ్ళవాడు. తెల్ల కోటు, టోపీ, ఇస్త్రీ మడత విరగలేదు. వజ్రమ్మ వెళ్ళేసరికి చేతిలో సంచితో తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. మేడం బట్టలు, కళ్ళద్దాలు ఆసుపత్రికి తీసుకుపోతున్నానన్నాడు. చెల్లెలు వచ్చేసరికి సాయంత్రమవుతుంది, అక్కడ ఒక్క కానిస్టేబులే ఉన్నాడు, మనవాళ్ళెవరైనా ఉండాలి కదా అని ఎస్సైనే అడిగి ఒప్పించుకున్నాడట. పుస్తకం తెరిచి చూపించాడు. పన్నెండూ నలభై, నీలం సిరా, చక్కటి చేతిరాత. పన్నెండు నుంచి ఒంటిగంట దాకా స్టేషన్ దాటి అడుగు బయట పెట్టలేదన్నాడు. కూత ఒక్కసారే విన్నాడట, బయలుదేరేటప్పుడు వేసే పొడుగు కూత.

"ఏజాజ్ మంచోడే వజ్రమ్మ గారు. కోపం ఒక్కటే జర ఎక్కువ. ఆయన కోసం కూడా ప్రార్థన చేస్త." అంటూ మోటార్‌సైకిల్ ఎక్కాడు. అప్పుడు మూడూ ఐదు.

సెలూన్ పెట్టె స్టేషన్ వెనక పక్కపట్టా మీద ఉంది. వజ్రమ్మ అడుగులు లెక్కపెట్టింది. ఇంజన్ ఆగేచోటి నుంచి షెడ్డు చుట్టి వస్తే నూట పద్దెనిమిది. స్టేషన్ వెనక తలుపు నుంచి ముప్పై ఆరు. ఎస్సై కూడా వెంట వచ్చాడు, ఆమె ఏదైనా ముట్టుకుంటుందేమోనని.

లోపల ఎర్ర తివాచీ. వజ్రమ్మ వంగి తలుపు నుంచి బల్ల దాకా చూసుకుంటూ పోయింది. పడిన చోట రక్తం మరక ఉంది. అది తప్ప తివాచీ శుభ్రంగా ఉంది.

"ఏజాజ్ బూట్లు జూసినవా సారు? పొద్దుగాలకెల్లి బొగ్గు తొక్కుతుండు. క్యాంటీన్‌ల గడప దాటితే సాలేహా బకెటు నీళ్ళు పోసి కడుగుతది."

ఎస్సై ఒక్క క్షణం ఆలోచించి, బూట్లు విప్పి ఎక్కి ఉంటాడన్నాడు.

"బూట్లిప్పి లోపలికొచ్చి కొట్టిండన్నమాట. మర్యాద తెలిసినోడే."

ఎస్సై మొహం అటు తిప్పుకున్నాడు. గోడకు పన్నెండు కొక్కేలు, పదకొండింటికి ఇత్తడి లాంతర్లు వేలాడుతున్నాయి, గార్డులు చేత్తో ఊపేవి. పన్నెండోది బల్ల మీద ఉంది, పక్కన భూతద్దం. వజ్రమ్మ చీరకొంగు వేలికి చుట్టుకుని, గోడ లాంతర్ల అడుగున చెక్కిన అక్షరాలను ఒక్కొక్కటే తడిమింది. నూరేళ్ళుగా తుడిచి తుడిచి అరిగి, సబ్బు బిళ్ళ మీది పేరులా ఉన్నాయి. ఆరోది, తొమ్మిదోది తడిమినప్పుడు వేలు ఆగింది. బల్ల మీది దాన్ని కూడా తడిమి చూసింది. ఆ మూడింటి అక్షరాలు నిన్న మొన్న పోతపోసినట్టు గీసుకుంటున్నాయి.

ఈ లాంతర్లు ఎవరి చేతి కింద ఉంటాయని అడిగింది. స్టేషన్ సామానంతా మాస్టరుదే బాధ్యత అని ఎస్సై చెప్పాడు. చెప్పి, అయితే ఏంటన్నాడు.

"ఏం లేదు సారు. మేడం చెల్లెతోని ఏం మాట్లాడింది?"

ఎస్సై నోటు పుస్తకం చూసుకున్నాడు. ఆరోగ్యం, ఎండలు, చివర్లో ఇంట్లో దొంగ ఉన్నాడని, ఇప్పుడే పిలిచి అడుగుతానని. ఆ దొంగ ఏజాజే అయి ఉంటాడని ఆయన రాసుకున్నాడు.

"ఏజాజ్ ఏం ఎత్తుకపోయిండని రాసుకున్నవ్ సారు? ఇంజనా?"

ఎస్సై నోటు పుస్తకం మూసేశాడు. మూడూ ఇరవై ఐదు.

కంచె అవతల యాదవ్వ మేకలను కాస్తోంది. ఎస్సై ఆమెను ముందే అడిగాడు, ఎవరినైనా చూశావా అని. లేదంది, అయిపోయింది. వజ్రమ్మ మాత్రం ఏమి విన్నావని అడిగింది.

యాదవ్వకు అది నచ్చింది. కర్ర మీద గడ్డం ఆనించి చెప్పింది. బండి పోయాకే ఆమె మేకలను పట్టా దాటిస్తుంది. ఆ రోజు బండి ఎంతకూ పోలేదు. బేగం ఒకటే మొత్తుకుంటోంది, కదలడం లేదు. మేకలేమో అవతలి తుమ్మకాయల మీద పడి చస్తున్నాయి.

"ఎట్ల మొత్తుకున్నదవ్వా? చేసి సూపెట్టు."

యాదవ్వ చుట్టూ చూసి, కొంగు సర్దుకుని, మెడ ఎత్తింది. "కూఊఊ… కుక్… కూఊఊ." మేకలు పది గజాలు పరిగెత్తాయి.

వజ్రమ్మ కళ్ళు చిన్నవయ్యాయి. పొడుగు, పొట్టి, పొడుగు. గేటు దగ్గర ఇరవై రెండేళ్ళు విన్న కూతల్లో అది ఒకటి. నాకు బంతి అందలేదు అని డ్రైవరు చెప్పుకునే కూత. బయలుదేరే కూత ఒక్కటే పొడుగు, అందులో కుక్ ఉండదు.

"ఎన్నిసార్లు?"

"ముందుగాల ఒకసారి. గంతల మసీదుల అజాన్ అయ్యె. ఏజాజ్ అజాన్ నడుస్తుంటె కూత ఎయ్యడు, గది నాకెరికే. అజాన్ అయిపోయినంక మల్ల రెండుసార్లు ఏసిండు. అటెన్క జర సేపటికి పొడుగుది ఏసి పోయిండు. అప్పుడు దాటిచ్చిన మేకల్ని."

జుమ్మా రోజు మొదటి అజాన్ పన్నెండూ నలభై ఐదుకు. మసీదు గోడ మీద పలక ఉంది, ఎస్సైకి కూడా తెలుసు. అజాన్ అయ్యాక కూడా బండి ప్లాట్‌ఫారం మీదే ఉండి బంతి కోసం అరుస్తోందంటే, పుస్తకంలో పన్నెండూ నలభై అని రాసినవాడు అబద్ధం రాశాడు.

ఎస్సై వెంటనే ఒప్పుకోలేదు. పుస్తకంలో టైము అటూ ఇటూ రాయడం ఏ ఆఫీసులోనైనా ఉన్నదేనన్నాడు. మేకలు కాసే మనిషి కూతను పట్టుకుని కోర్టుకు పోలేమన్నాడు. కాస్త గొంతు పెంచి అసలు మాట అన్నాడు.

"అన్నీ పక్కకు పెట్టు వజ్రమ్మా. మేడం చావుబతుకుల మధ్య గుండు అన్నది. ఈ మ్యూజియంల గుండు ఎవరికున్నది? నాకున్నదా?"

వజ్రమ్మ స్టేషన్ గదిలోకి నడిచింది. అప్పుడు మూడూ నలభై.

గదిలో ఎర్ర రంగు ఇనుప మెషీన్, దాని కింద గిన్నెలాంటి నోరు, బంతి పడేది అందులోకే. పక్కన మేకులకు ఆరు బెత్తపు చక్రాలు, ఆరు తోలు సంచులు. డ్రైవర్ల బొగ్గు చేతులు ఏళ్ళ తరబడి పట్టుకుని ఐదు సంచులు కారునలుపు. ఆరోది గోధుమరంగు. ఎవరో సబ్బుతో రుద్ది కడిగారు. కుట్ల దగ్గర ఇంకా తడి ఉంది. ఆ కడిగిన తోలు మీద ఒక్కటే నల్లటి అరచేతి అచ్చు, బొటనవేలి దగ్గర చిన్న రక్తపు చుక్క.

"గిది ఏజాజ్ చెయ్యి." వజ్రమ్మ నెమ్మదిగా అంది. "సంచి సల్లగ తాకిందన్నడు. అప్పుడే కడిగి ఇచ్చిండ్రు సారు. తొమ్మిది నిమిషాలల్ల కడిగింది ఎందుకు?"

ఎస్సై మెషీన్ పైన గోడకు తగిలించిన అట్టముక్క వంక చూస్తున్నాడు. చూడవచ్చినవాళ్ళ కోసం శేషారత్నం గారు తన చేత్తో పెద్ద అక్షరాలతో రాసి పెట్టినది.

ఆయన పైకే చదివాడు. "గుండు లేనిదే బండి కదలదు."

గుమ్మంలో నిలబడ్డ సాలేహాకు మాట అర్థం కావడానికి అందరికంటే ఎక్కువ సేపు పట్టింది. వాళ్ళింట్లో దాన్ని ఎప్పుడూ గోలా అనే అన్నారు. వజ్రమ్మ రైల్వేలో ఉన్నన్నాళ్ళూ టోకెన్ అంది. దాన్ని గుండు అనేది ఆ మ్యూజియంలో ఇద్దరే, మేడం గారు, ఆమె నేర్పిన స్టేషన్ మాస్టరు.

వజ్రమ్మ వరస పెట్టి చెప్పింది. శాంసన్ మెషీన్‌లోంచి గుండు తీసి సంచిలో వేసుకున్నాడు. బండికి ఇవ్వబోయేలోపు మేడం పిలిచింది. చక్రం భుజానికి తగిలించుకుని వెనక తలుపు గుండా పోయాడు. అసలు లాంతర్లు మాయం చేసి వాటి చోట అతను పెట్టిన దొంగ లాంతరు చూపించి, అసలువి ఎక్కడని ఆమె అడిగింది. వెనక్కి తిరిగినప్పుడు చక్రం పట్టుకుని ఊపాడు. బయట బేగం గుండు కోసం అరుస్తుంటే, గుండు లోపల ఆ పనిలో ఉంది.

"సారు, పారను ఇడిసిపెట్టు. గిప్పుడు ఆయన ఏడున్నడు?"

ఎస్సై చెయ్యి ఫోన్ కోసం జేబులోకి పోయింది. తనే పంపాడు. మేడం మంచం పక్కన కూర్చోమని చెప్పి పంపాడు.

ఆసుపత్రిలోని కానిస్టేబులుకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు. నాలుగు రింగులకు ఎత్తాడు. వెనకాల గ్లాసుల చప్పుడు.

"యాడున్నవ్ రా?"

"కిందున్న సార్, హోటల్ కాడ. మాస్టర్ సారు చాయ్ తెమ్మన్నడు. ఆయన పైన మేడం తాననే ఉన్నడు, ఫికర్ లేదు."

"చాయ్ ఆడ పడేసి ఉరుకు. ఫోన్ పెట్టెయ్యకు."

ఫోన్‌లోంచి బూట్ల చప్పుడు, మెట్లు, ఆయాసం. రెండో అంతస్తు. ఎవరో నర్సు కేక. తలుపు తడుతున్న చప్పుడు. లోపల గడియ ఉంది సార్ అన్నాడు. ఎస్సై తన్నమన్నాడు. ఒక దెబ్బ, రెండు, మూడోదానికి ఏదో విరిగింది. సాలేహా గుమ్మం చెక్కను పట్టుకుని నిలబడింది.

కానిస్టేబులు గొంతు అనుమానంగా వచ్చింది. "సార్, మాస్టర్ సారు దిండు సర్దుతుండట. మేడం మొఖం మీద ఉన్నది దిండు. ఏం జెయ్యాలె?"

"వాన్ని పట్టుకోరా. దిండు తియ్యి ముందు."

పెనుగులాట, మంచం జరిగిన చప్పుడు, స్టీలు పళ్ళెం కింద పడింది. తర్వాత చాలాసేపు ఏమీ వినిపించలేదు. నర్సు గొంతు దగ్గరగా వచ్చింది. ఊపిరి ఉంది, దగ్గుతోంది, కళ్ళు తెరిచింది, కళ్ళద్దాలు అడుగుతోంది.

ఎస్సై ఫోన్ జేబులో పెట్టుకుని, తాళంచెవి తీసుకుని జీపు దగ్గరికి తానే నడిచాడు. బేడీలు విప్పుతూ ఏజాజ్‌ను చూడలేకపోయాడు. ఏజాజ్ మణికట్లు రుద్దుకుంటూ, మేడం బతికిందా అని ఒక్కటే అడిగాడు. బతికిందన్నారు. సాలేహా వచ్చి అతని తల మీద చెయ్యి పెట్టింది, ఆ గరుకు వెంట్రుకల మీద.

నాలుగింటికి క్లూస్ టీమ్ బండి వచ్చింది. పార ఎక్కడని అడిగారు. ఎస్సై ఆరో సంచిని, మెషీన్‌ను చూపించాడు. వజ్రమ్మ దారి ఇచ్చి పక్కకు జరిగింది, అన్న మాట ప్రకారం.

కంచె దగ్గర యాదవ్వ మేకలను వదిలేసి ఇదంతా వింటోంది. జీపు కదలబోతుంటే అడ్డంగా చెయ్యి ఊపి ఆపింది. ఎస్సై అద్దం దించాడు, ఇంకేదో సాక్ష్యం ఉందేమోనని.

"సారూ, మా ముసలాయన సోమారం నాడు గుట్టమీది గుడికి పోయి గుండు గీయించుకుంటనని మొక్కిండు. మీ కేసు ఒడిసేదాంక ఆగుమందునా, సగమే గీయించుకొమ్మందునా?"